పానగల్లు కట్ట నుంచి మర్రిగూడ బోరు దాకా

నల్లగొండ పట్నాన్ని ఆనుకునే పానగల్లు ఉంది. అక్కడ ఉదయ సముద్రం కట్ట మీద నిలబడితే చూపు ఆనినంత మేర నీళ్లే. ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల్లో ఉదయుడు కట్టించిన చెరువు గనుక ఆ పేరు. ఎనిమిది వందల ఏళ్లు దాటినా ఇంకా నిలిచే ఉంది. అయితే ఇప్పుడు దాని కడుపు నింపేది ఎక్కువగా ఎగువ వాగులు కావు. నాగార్జునసాగర్ నీళ్లను పుట్టంగండి దగ్గర మోటార్లతో ఎత్తిపోసి, అక్కంపల్లి మీదుగా కాలువల్లో ఇక్కడిదాకా తెస్తున్నారు. ఇదే జిల్లా పడమటి కొసన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు పోతే వంగిన నడుములూ, వంకర తిరిగిన కాళ్లూ, పళ్ల మీద గోధుమరంగు చారలూ కనిపిస్తాయి. ఒక తరం కాదు, రెండు మూడు తరాలవాళ్లలో. తాగిన నీళ్లలోని ఫ్లోరైడ్ చేసిన పని ఇది.

ఫ్లోరైడ్‌ను మనం చాలాకాలం తాగునీటి సమస్యగానే చూశాం. అది చెరువుల కథ కూడా.

దక్షిణ తెలంగాణ రాతి నేల. నల్లగొండలోనైనా పాలమూరులోనైనా పైన ఎర్రచెల్క, దాని కింద మొరం, ఆ కింద గ్రానైటు బండ. వాన ఏడాదికి 600 నుంచి 750 మిల్లీమీటర్ల లెక్కన పడుతుంది. అదీ నాలుగు నెలల్లోనే, ఆ నాలుగు నెలల్లోనూ కొద్ది రోజుల్లోనే. కృష్ణ పక్కనే పారుతుంది గానీ లోయలో పారుతుంది, ఊళ్లు మిట్ట మీద ఉన్నాయి. ఇలాంటి చోట బతకాలంటే పడ్డ వానను పడ్డచోటే ఆపుకోవాలి. పాతకాలం వాళ్లు చేసిన పని అదే.

బడి పుస్తకాల్లో ఆవరణ వ్యవస్థ అనగానే గడ్డి, జింక, పులి బొమ్మలు వేస్తారు. అమ్రాబాద్ అడవి ఉన్న జిల్లావాళ్లకు ఆ బొమ్మ సరిపోతుంది. మిగతా మాలాంటి వాళ్లకు ఆ పాఠం చెప్పాలంటే పిల్లల్ని చెరువు దగ్గరికి తోలుకపోవాలి. వానాకాలం వరద గుట్టల మీది మన్ను, ఆకూ అలమూ, పశువుల పేడా తెచ్చి చెరువులో దించుతుంది. కంటికి కనిపించని సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెట్టి సారం చేస్తాయి. ఎండ తగిలిన నీళ్లలో నాచు, తుంగ, తామర పెరుగుతాయి. నాచును పురుగులూ, పరకలనే చిన్న చేపలూ తింటాయి. పరకల్ని కొర్రమట్ట చేప తింటుంది, కొంగ తింటుంది. కొర్రమట్టను మనం తింటాం. ఒక మెట్టు నుంచి పై మెట్టుకు చేరే శక్తి దాదాపు పదో వంతే. అందుకే పరకలు వేలల్లో ఉన్న చెరువులో కొర్రమట్టలు కొన్నే ఉంటాయి.

తరిగిపోయిన శక్తిని ఎండ రోజూ కొత్తగా ఇస్తుంది. సారానికి ఆ వీలు లేదు, ఉన్నదే తిరగాలి. అది తిరిగేది మనిషి చేతులతో. ఎండాకాలం చెరువు అడుగు తేలితే రైతులు ఒండ్రును బండ్లకెత్తి చెల్కల్లో పోసుకునేవాళ్లు. గుట్ట మీది నుంచి కొట్టుకొచ్చిన సారం అలా మళ్లీ నేలకు చేరేది. చెరువుకు పూడిక పోయేది, చేనుకు ఎరువు దొరికేది. తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో నీరడి చూసుకునేవాడు, పంటలో తన వాటా గింజలు తీసుకునేవాడు. కుమ్మరికి మట్టి, ముదిరాజులకు, బెస్తలకు చేపలు, గొల్లలకు శిఖంలో, అంటే చెరువు లోపలి నేలలో మేత, కల్లుగీసే గౌండ్లవాళ్లకు కట్ట కింది ఈతచెట్లు. మీది చెరువు అలుగు దుంకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువులో పడేవి, అది నిండితే ఆ కిందిది. గొలుసుకట్టు అన్నది అందుకే.

వీటన్నిటికన్నా పెద్ద పని కంటికి కనపడకుండా జరిగేది. చెరువులో నిలిచిన వాన నీళ్లు మెల్లగా మొరంలోకి ఇంకేవి. కట్ట కింద మోటబావులు ఆ ఊటతోనే బతికాయి. ఏటా కొత్త నీళ్లు, ఏటా తోడిపోసుకునే నీళ్లు.

ఈ గొలుసు ఒక్కరోజున తెగలేదు. స్వాతంత్ర్యం తర్వాత సర్కారు డబ్బూ దృష్టీ పెద్ద డ్యాముల మీదికి మళ్లాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ 10న పునాదిరాయి వేశారు, 1967లో కాలువల్లోకి నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పచ్చబడ్డాయి. మిట్టమీది పడమటి తాలూకాలకు చుక్క రాలేదు. పాలమూరు కూలీలు దేశమంతా డ్యాములు కట్టి తమ ఊళ్లలో చెరువులు తెగుతుంటే చూస్తూ ఉండిపోయారు. 1980ల్లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. అది పోవడం న్యాయమే, ఆ పెత్తనం కింద నలిగిన బతుకులు ఎన్నో నల్లగొండకు బాగా తెలుసు. అయితే ఏటేటా కాలువలు తీసే ఉమ్మడి పనికీ, నీరడి బాధ్యతకూ బదులుగా ఇంకో ఏర్పాటు గట్టిగా నిలబడలేదు. శిఖం భూములు పట్టాలయ్యాయి. వాగుల నోట్లో సర్కారు తుమ్మ పెరిగింది.

చెరువు ఎండితే బావి మీద పడ్డాం, బావి ఎండితే బోరు మీద పడ్డాం. ఇందులో రైతును తప్పుపట్టడం నాకు చేతకాదు. కాపుకొచ్చిన బత్తాయి తోట ఎండుతుంటే ఎవరైనా ఇంకో బోరు వేస్తారు, అది పడకపోతే అప్పుచేసి మరోటి వేస్తారు. 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు వాల్టా చట్టం వచ్చింది, బోరు వేయాలంటే అనుమతి ఉండాలంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు, 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు వచ్చాయి. తోడే చేతికి బలం పెరిగింది, ఇంకే దారి మాత్రం మూసుకుపోతూనే ఉంది.

ఇక్కడ ఒక మాట సరిచేసుకోవాలి. బోర్లు ఫ్లోరైడ్‌ను పుట్టించలేదు. ఫ్లోరైడ్‌తో వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. నల్లగొండ జిల్లాలో దాని మీద 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డాక్టర్ సిద్దిఖీ వ్యాసం అచ్చయింది. అప్పటికి ఊళ్లలో ఉన్నవి చేదబావులే. ఫ్లోరైడ్ మన బండలోనే ఉంది. క్షారగుణం ఎక్కువై, కాల్షియం తక్కువైన నీళ్లు రాతిని ఎంతకాలం ఆనుకుని ఉంటే అంతగా అది కరిగి దిగుతుంది. పైపొరలో వాన నీళ్లు వచ్చిపోతుంటాయి, విషం పలచబడుతుంది. లోతు పగుళ్లలో నీళ్లు ఏళ్ల తరబడి కదలవు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని హద్దు. బోరు లోతుకు దిగేకొద్దీ ఆ పాత నీళ్లకే దగ్గరయ్యాం. పైన పలచబరిచే చెరువు లేకుండా పోయింది.

1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుక్కి దించే పద్ధతి రూపొందించింది. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆఫ్రికా దేశాల్లోనూ ఆ పేరుతోనే వాడారు. ఊరి పేరు ఒక జబ్బు మందుకు పెట్టేంత దాకా వచ్చిందంటే ఇక్కడి బాధ ఎంతో తెలుస్తుంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానంలో 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ కాగితం పుస్తకమంత అయింది. కృష్ణా నీళ్లు ఇవ్వమని దేశానికి వినిపించడానికి జలసాధన సమితి ఎంచుకున్న దారి అది. శ్రీశైలం నుంచి నల్లగొండకు నీళ్లు తెచ్చే సొరంగం ఇప్పటికీ పూర్తికాలేదు. 2025 ఫిబ్రవరి 22న దాని కప్పు కూలి 8 మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు.

మిషన్ భగీరథ నల్లాలతో కృష్ణా నీళ్లు ఇళ్లకు వచ్చాయి. దీని విలువ తక్కువ చేయను. పుట్టే పిల్లల ఎముకలకు ఇది పెద్ద రక్ష. కానీ చేను ఇంకా బోరు నీళ్లే తాగుతోంది, బర్లూ ఆ తొట్లలోనే తాగుతున్నాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో వేల చెరువుల పూడిక తీశారు, ట్రాక్టర్లలో ఒండ్రు మళ్లీ చెల్కలకు చేరింది. కానీ కట్ట బాగుచేసినంత శ్రద్ధ చెరువులోకి నీళ్లు తెచ్చే పాటుకాలువల మీద పెట్టలేదు. వెంచర్లు, రోడ్ల అడుగున పడ్డ వాగులు అలాగే ఉన్నాయి. మూసీ సంగతి వేరు. అక్కడ నీళ్లకు కొదవ లేదు, అవి హైదరాబాద్ మురుగు కావడమే బాధ. నదికి అడ్డంగా కట్టిన చిన్న ఆనకట్టలు, కత్వల కింద వరి ఆ నీళ్లతోనే పండుతోంది.

480 మంది పోటీ వెనుక ఉన్న జలసాధన సమితి వ్యవస్థాపకుడు దుశర్ల సత్యనారాయణ, సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో తన సొంత 70 ఎకరాలను అడవిగా పెంచారు. నీళ్ల కోసం ఢిల్లీ దాకా కొట్లాడిన మనిషి ఇంటి దగ్గర చేసిన పని ఇది. అక్కడ చెట్టు కొట్టరు, పండ్లు అమ్మరు. రాలిన ఆకు రాలినచోటే కుళ్లుతుంది. చెట్ల నడుమ కుంటలున్నాయి, పడిన వాన వాటిలోకే దిగుతుంది.