కాగితం చేతికొచ్చిన తర్వాత: ఆటిజం, ఏడీహెచ్‌డీ పిల్లల కుటుంబాలకు అండ ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడ ఆగింది

మూడేళ్లు నిండినా మాటలు రాని బిడ్డకు ఆటిజం (మాట, నలుగురితో కలవడం, ప్రవర్తనల్లో తేడా కనిపించే ఎదుగుదల సమస్య) అనో, తరగతిలో ఒక్కచోట కుదురుగా కూర్చోలేని పిల్లవాడికి ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, అతి చురుకుదనం) అనో డాక్టరు చేత రాయించుకోవడానికి తిరుపతి, చిత్తూరు కుటుంబాలు ఇప్పుడు మునుపటంత దూరం తిరగవలసిన పని లేదు. ఈ లక్షణాలు పిల్లల డాక్టర్లకు తెలుసు. స్పీచ్ థెరపీ, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపీ బోర్డులు పట్టణ వీధుల్లోనే కనిపిస్తున్నాయి. అయితే ఆ కాగితం పట్టుకుని బయటికి వచ్చిన తల్లిదండ్రులు రేపటి నుంచి ఏం చేయాలి, ఏ ఆఫీసుకు వెళ్లాలి, బడిలో ఎవరితో మాట్లాడాలి, ఖర్చు ఎంతకాలం భరించాలి అన్న ప్రశ్నలకు జవాబు ఒక్కచోట దొరకదు. దీన్ని ఒక ఊరి నిర్లక్ష్యంగా మాత్రమే చూడడం సరికాదు. ఈ రెండు పరిస్థితుల చరిత్రలోనూ కుటుంబాన్ని మొదట దోషిగా నిలబెట్టారు, తర్వాత జీతం లేని థెరపిస్టుగా వాడుకున్నారు. సాయం అందవలసింది ఆ ఇంటికి కూడా అన్న ఆలోచన చాలా ఆలస్యంగా, అదీ అరకొరగా వచ్చింది.

అమెరికాలో లియో కానర్ 1943లో పదకొండు మంది పిల్లలను పరిశీలించి ఆటిజాన్ని విడిగా వర్ణించాడు. ఆ వ్యాసంలోనే ఆ పిల్లల తల్లిదండ్రులు చదువుకున్నవారే గానీ ఆప్యాయత తక్కువ మనుషులని ఒక వ్యాఖ్య చేర్చాడు. ఆ వ్యాఖ్య తర్వాతి రెండు దశాబ్దాల్లో ఒక సిద్ధాంతమై కూర్చుంది. తల్లి ప్రేమ చూపకపోవడం వల్లే బిడ్డ తనలోకి ముడుచుకుపోతాడని షికాగోలో బ్రూనో బెటిల్‌హైమ్ ప్రచారం చేశాడు. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఉంచడమే వైద్యమన్నాడు. దాన్ని తిప్పికొట్టినవారిలో ముందున్నది బెర్నార్డ్ రిమ్లాండ్ అనే మనస్తత్వవేత్త. ఆయన స్వయంగా ఆటిజం ఉన్న కొడుక్కు తండ్రి. ఇది మెదడు ఎదుగుదలకు సంబంధించినదని 1964లో పుస్తకం రాసి, మరుసటి ఏడాది అమెరికాలో తల్లిదండ్రుల సంఘం స్థాపనకు పూనుకున్నాడు. బ్రిటన్‌లో తల్లిదండ్రులు అంతకు ముందే, 1962లోనే, సంఘం పెట్టుకున్నారు. కానర్ 1969లో తల్లిదండ్రుల సభలోనే నిలబడి తప్పు వారిది కాదని ప్రకటించాడు. అప్పటికి ఒక తరం తల్లులు ఆ నింద మోసేశారు.

ఏడీహెచ్‌డీ చరిత్రలో నింద తల్లి మీద కాక పిల్లవాడి మీదే పడింది. లండన్‌లో జార్జ్ స్టిల్ 1902లో ఇలాంటి పిల్లల గురించి ఉపన్యసిస్తూ నైతిక నిగ్రహంలో లోపమన్నాడు. మందుతో కొందరికి కుదురు వస్తుందని 1937లో చార్లెస్ బ్రాడ్లీ గమనించాడు. ఈనాటి పేరు 1987లో స్థిరపడింది. ఒకే బిడ్డకు ఆటిజం, ఏడీహెచ్‌డీ రెండూ రాయడానికి అమెరికన్ మానసిక వైద్యుల ప్రామాణిక గ్రంథం 2013 దాకా ఒప్పుకోలేదు. రెండూ కలిసి ఉన్న పిల్లల ఇళ్లలో ఒక డాక్టరు ఒకటి, మరో డాక్టరు ఇంకొకటి చెప్పారన్న అయోమయం ఏళ్ల తరబడి నడవడానికి అదీ ఒక కారణం.

బెటిల్‌హైమ్ పేరు కూడా వినని మన ఇళ్లలో ఆ సిద్ధాంతానికి సొంత రూపాలు ఉన్నాయి. తల్లి ఉద్యోగానికి పోయి బిడ్డను పట్టించుకోలేదని, అన్నం తినిపించడానికి ఫోన్ చేతికిచ్చిందని, గర్భంతో ఉన్నప్పుడు మనసు బాగా పెట్టుకోలేదని అంటారు. ఇంకోవైపు, మేనమామకు కూడా ఐదేళ్లకు గానీ మాటలు రాలేదు, వీడికీ అవే వస్తాయి, ఊరికే డాక్టర్ల చుట్టూ తిప్పకండని పెద్దలు అడ్డుపడతారు. మొదటి మాట తల్లిని కుంగదీస్తే, రెండోది బిడ్డకు బాగా పనికొచ్చే తొలి ఏళ్లను తినేస్తుంది. నా అంచనాలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తోంది, ఎందుకంటే అది వినడానికి ఓదార్పులా ఉంటుంది.

కుటుంబాన్ని దూరం పెట్టకుండా వైద్యంలోకి పిలవడం మాత్రం మన దేశంలో ముందే మొదలైంది, దీన్ని తగినంతగా ఎవరూ చెప్పుకోరు. అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో 1950ల్లో డాక్టర్ విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో డేరాలు వేయించి, రోగుల బంధువులను వారితోపాటే ఉండమన్నాడు. చేర్చుకోవడానికి చోటు చాలకపోవడం ఒక కారణం కావచ్చు గానీ, ఇంటివాళ్లు పక్కన ఉన్న రోగులు త్వరగా తేరుకోవడం, తిరిగి ఇంటికి చేరడం సులువు కావడం అందరూ చూశారు. వేలూరు సీఎంసీ మానసిక వైద్య విభాగం కూడా కుటుంబం తోడుండే పద్ధతినే ఎంచుకుంది. బాగాయంలోని దాని పిల్లల విభాగం, నంబిక్కై నిలయంలో, ఎదుగుదల సమస్యలున్న పిల్లలతో తల్లో తండ్రో వారాల తరబడి ఉండి, బిడ్డకు నేర్పే పద్ధతులను తామే నేర్చుకుంటారు. చిత్తూరు జిల్లా వారికి వేలూరు తరతరాలుగా అలవాటైన దారి. పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి చేరే రైలులో రిపోర్టుల కవరు ఒళ్లో పెట్టుకున్న ప్రయాణికులు ఎప్పుడూ ఉంటారు. అక్కడ ఒక తల్లికి నిజంగా దొరికేది శిక్షణ ఒక్కటే కాదు, అదే స్థితిలో ఉన్న మరికొందరు తల్లుల పక్కన కొన్ని వారాలు బతకడం. ఇల్లు, కూలి, ఇంకో బిడ్డ బడి వదిలి అన్ని వారాలు అక్కడ ఉండగలిగేది మాత్రం కొందరే.

తెలుగు నేల మీద సంస్థలు ముందు హైదరాబాద్ చుట్టూ పెరిగాయి. ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో హైదరాబాద్‌లో, కేంద్ర ప్రభుత్వ జాతీయ మానసిక వికలాంగుల సంస్థ 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఏర్పడ్డాయి. రెండూ బుద్ధిమాంద్యం కోసం పుట్టినవే. ఆటిజం పిల్లలను చాలాకాలం ఆ గాటనే కట్టేశారు. ఢిల్లీలో ఒక తల్లి, మెర్రీ బారువా, 1991లో యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టడంతో ఆ మాట విడిగా వినపడసాగింది. దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1995లో పరివార్ అనే సమాఖ్యగా ఏర్పడ్డాయి. తిరుపతి నుంచి చూస్తే హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర కాబట్టి, 2005లో ముట్టుకాడులో వచ్చిన బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఈ ప్రాంతానికి మరో దారి అయింది. ఎటు వెళ్లినా రాష్ట్రం సరిహద్దు దాటడమో, రాత్రంతా ప్రయాణించడమో తప్పలేదు.

చట్టం కూడా నెమ్మదిగానే కదిలింది. 1995 నాటి వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో ఆటిజం లేదు. తమ తర్వాత ఈ బిడ్డకు దిక్కెవరన్న తల్లిదండ్రుల భయం నుంచి 1999లో, ఇలాంటి వారి సంరక్షణ కోసం ఒక కేంద్ర సంస్థను ఏర్పరచిన నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం పేరు ఒక చట్టంలోకి ఎక్కింది అప్పుడే. పద్దెనిమిదేళ్లు దాటిన వారికి చట్టబద్ధ సంరక్షకుణ్ణి నియమించే స్థానిక కమిటీ, లక్ష రూపాయల వరకు ఖర్చు చెల్లించే నిరామయ ఆరోగ్య బీమా ఆ చట్టం కింద వచ్చినవే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం జాబితాను ఇరవై ఒకటికి పెంచి ఆటిజాన్ని చేర్చింది.

ఆ హక్కులన్నింటికీ తలుపు సర్టిఫికెట్టు. వైకల్య శాతాన్ని తేల్చి సర్టిఫికెట్టు ఇచ్చే, సమైక్య రాష్ట్రంలో మొదలైన సదరం పద్ధతే ఇప్పటికీ మన వాడుకలో ఉంది. ఆటిజం తీవ్రతను కొలిచేది సికింద్రాబాద్ సంస్థ తయారుచేసిన భారతీయ ప్రమాణం. అందులో నలభై అంశాలు ఉంటాయి: కళ్లలోకి చూస్తాడా, విన్న మాటనే తిరిగి అంటాడా, పెద్ద శబ్దానికి చెవులు మూసుకుంటాడా, ఒకే పనిని పదే పదే చేస్తాడా అన్నవాటికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. మొత్తం 70కి చేరితే ఆటిజం ఉన్నట్టు, నలభై శాతం వైకల్యం ఉన్నట్టు లెక్క. పథకాల్లో చాలావాటికి గడప ఆ నలభై శాతమే. ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెండేళ్లు కష్టపడి నాలుగు మాటలు, కాస్త కుదురు నేర్పిన తల్లి తిరిగి పరీక్షకు వెళ్లినప్పుడు, బిడ్డ బాగుపడ్డాడని సంతోషించాలో, శాతం తగ్గి పింఛను పోతుందేమోనని దిగులు పడాలో తెలియని స్థితిలో కూర్చుంటుంది. బిడ్డలోని లోటును కొలిచే పద్ధతి ఉంది గానీ, ఆ మార్పు వెనుక ఇంటిల్లిపాదీ పెట్టిన గంటలను లెక్కించే గడి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు ఆ తలుపు కూడా లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో వెతకవలసిన ముప్పై సమస్యల్లో ఆటిజంతో పాటు ఏడీహెచ్‌డీని కూడా చేర్చింది. అనుమానం ఉన్నవారిని జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపాలన్నది ఏర్పాటు. కానీ 2016 చట్టం ఇరవై ఒక్క వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు. దానితోపాటు చదువులో ప్రత్యేక లోపమో, మరొకటో ఉంటే ఆ పేరు మీద సర్టిఫికెట్టు రావచ్చు. ఒక్క ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్న బిడ్డను ప్రభుత్వ కార్యక్రమం గుర్తిస్తుంది, ప్రభుత్వ చట్టం గుర్తించదు. బడిలో అల్లరివాడన్న ముద్రతో దెబ్బలు తినే పిల్లవాడికి రక్షణగా తండ్రి హెడ్మాస్టరు ముందు పెట్టడానికి డాక్టరు చీటీ తప్ప వేరే ఏదీ ఉండదు.

బడుల విషయంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న మండల స్థాయి భవిత కేంద్రాలు, వాటిలోని ఐఈ (సహిత విద్య) టీచర్లు ఈ ప్రాంతంలో చాలామందికి తెలిసిన తొలి ఆసరా. బడికి రాలేని బిడ్డ ఇంటికే టీచరు వెళ్లే ఏర్పాటు కూడా ఉంది. అన్ని రకాల వైకల్యాలను ఒకే టీచరు చూసుకోవలసి రావడంతో, ఆటిజానికి కావలసినంత తరచుగా, ఒక్కో బిడ్డకు విడిగా నేర్పడం అక్కడ కుదరడం కష్టం.

చివరికి బరువంతా తిరిగి ఇంటికే చేరుతుంది. వారానికి రెండు మూడు సెషన్లు పోగా, మిగిలిన రోజుల కోసం థెరపిస్టు ఒక చీటీ రాసిస్తారు: నీళ్లు అడిగాకే ఇవ్వండి, సైగ చేసినా చాలు, మీరు మోకాళ్ల మీద కూర్చుని వాడి ఎత్తులో మాట్లాడండి, ఒక్కో మాటే వాడండి. పద్ధతి మంచిదే. గోవాలోను, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోను మామూలు ఆరోగ్య కార్యకర్తలే తల్లిదండ్రులకు నేర్పి మంచి ఫలితం సాధించారని 2016లో వెలువడిన పరిశోధన చూపింది; ప్రపంచ ఆరోగ్య సంస్థ సంరక్షకుల శిక్షణ కూడా తొమ్మిది బృంద సమావేశాలు, మూడు ఇంటి సందర్శనలతో అదే దారిలో నడుస్తుంది. అయితే ఆ రెండింటిలోనూ తల్లి దగ్గరికి ఒక మనిషి వచ్చి కూర్చుంటాడు. మన దగ్గర చీటీ ఒక్కటే ఇంటికి వస్తుంది. గంగమ్మ జాతర వారంలో మైకుల హోరుకు తట్టుకోలేని బిడ్డతో ఒక తల్లి తలుపులు మూసుకుని లోపలే ఉండిపోతే, బంధువులకు కనిపించేది ఆమె రాకపోవడమే, కారణం కాదు. ఒక పూట బిడ్డను నమ్మి ఎవరికైనా అప్పగించి ఆమె బయటికి వెళ్లగలిగే వీలు కోసం నేషనల్ ట్రస్ట్ సమర్థ్ అనే పథకం పెట్టింది. ఎక్కువ ఆసరా అవసరమైన వారికి సంరక్షకుల భృతి ఇవ్వవలసిన పథకాల గురించి 2016 చట్టమూ మాట్లాడింది. మాట వరకు అన్నీ ఉన్నాయి.

నేషనల్ ట్రస్ట్ పథకాలు నేరుగా ఇంటికి రావు. దానిలో నమోదైన సంస్థ ఊళ్లో ఉంటేనే నడుస్తాయి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా కావడంతో ఇక్కడికి సొంత కలెక్టరు వచ్చారు, స్థానిక కమిటీకి అధ్యక్షత వహించేది కలెక్టరే. ఆ కమిటీలో నమోదైన సంస్థ ప్రతినిధికి చట్టమే కుర్చీ వేసింది, అలా నమోదు కావడానికి స్వచ్ఛంద సంస్థలతో పాటు తల్లిదండ్రుల సంఘాలకూ అర్హత ఇచ్చింది. థెరపీ సెంటర్ల వరండాల్లో బిడ్డ బయటికి వచ్చేదాకా ఎదురుచూస్తూ ఫోన్ నంబర్లు మార్చుకునే తల్లులు, సదరం స్లాటు ఎప్పుడు దొరుకుతుందో ఒకరికొకరు వాట్సాప్‌లో చెప్పుకునే తండ్రులు ఇప్పటికే సగం సంఘం. మిగిలిన సగానికి కావలసింది నియమావళి, నమోదు, ట్రస్టుకు ఒక దరఖాస్తు.