అడ్డపొగ: అంగిలి మీద నిప్పు

శ్రీకాకుళం తీరం వెంబడి ఊళ్లలో పెద్ద వయసు ఆడవాళ్లు చుట్ట కాల్చే తీరు కొత్తవాళ్లకు చప్పున అర్థం కాదు. పెదాల మధ్య చుట్ట కనిపిస్తుంది, నిప్పు కనిపించదు. చుట్ట అంటించి, రెండు దమ్ములు లాగి, నిప్పు ఉన్న కొసను నోట్లోకి తిప్పేస్తారు. ఆపైన చేతులకు చుట్టతో పని లేదు. చేపలు ఎండబెడుతూనో, చేలో కలుపు తీస్తూనో ఉంటారు. బూడిద కొంత ఉమ్మేస్తారు, కొంత మింగేస్తారు. దీన్నే అడ్డపొగ అంటారు.

ఎందుకలా అని అడిగితే వాళ్ల దగ్గర జవాబులున్నాయి. సముద్రపు గాలికి ఆరిపోదు. పొగ కళ్లలోకి రాదు. ఒళ్లో బిడ్డ మీద నిప్పురవ్వ పడదు. ఒక్క చుట్టే చాలాసేపు వస్తుంది. పంటినొప్పి తగ్గుతుందని మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు. అమ్మ కాల్చింది, అత్త కాల్చింది, కోడలికీ అలవాటైంది. ఏ కంపెనీ ప్రకటనా లేకుండా వంటింట్లోంచి వంటింట్లోకి పాకిన అలవాటు ఇది.

పొగాకు మన నేలలో పుట్టిన మొక్క కాదు, పోర్చుగీసువాళ్లతో వచ్చింది. 17వ శతాబ్దానికే మచిలీపట్నం ప్రాంతంలో పండేది. తర్వాత గోదావరి లంకల పొగాకు చుట్టలకు పేరుపడింది. 1920లలో గుంటూరు వైపు సిగరెట్ల కోసం వర్జీనియా రకం సాగు ఊపందుకుంది. ఆకును వేడితో ఆరబెట్టే బ్యారన్లు, వేలం, ఎగుమతులు, 1976లో గుంటూరులో పొగాకు బోర్డు, ఇదంతా అందరికీ తెలిసిన కథే. చుట్ట కాల్చే ఆడవాళ్ల నోటి సంగతి ఆ కథలో ఎక్కడా రాదు.

డాక్టర్ల కంట మాత్రం అది ముందే పడింది. నోటి పైకప్పుకు, అంటే అంగిలికి, క్యాన్సర్ రావడం మిగతా చోట్ల చాలా అరుదు. ఉత్తరాంధ్ర రోగుల్లో అదే పదేపదే కనిపించింది. 1945లో బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన వి.ఆర్. ఖనోల్కర్ చుట్టకూ అంగిలి క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం గురించి రాశారు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ముడి ఉందని లండన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు తేల్చి చెప్పింది 1950లో. అంటే అంతకు ఐదేళ్ల ముందే మన పల్లెల ఆడవాళ్ల బాధ వైద్య పత్రికలకు ఎక్కింది. 1957లో రెడ్డి, రావు అనే ఇద్దరు కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సర్ గురించి ప్రచురించిన వ్యాసం నిప్పు కొసను నోట్లో పెట్టుకోవడమే కారణమని పేరులోనే చెప్పేసింది. 1971లో డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి ఇక్కడి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిన వివరాలు ప్రచురించారు.

మామూలుగా పొగ తాగేవాళ్ల అంగిలి కూడా తెల్లబడుతుంది, కానీ అది క్యాన్సర్‌గా మారడం తక్కువ. అడ్డపొగలో విషానికి వేడి తోడవుతుంది. నోట్లో వేడి 120 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుందని కొలిచి చూశారు. అంగిలి తెల్లగా మందమవుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి, తర్వాత పుండ్లు. మొదట్లో నొప్పి ఉండదు. పైగా అంగిలి అద్దంలో సరిగా కనిపించే చోటు కాదు. తల వెనక్కి వాల్చి, ఇంకొకరు లైటు వేసి చూడాలి. ముద్ద మింగుడుపడని రోజున ఆసుపత్రికి వెళ్తే అప్పటికే ఆలస్యం.

చట్టం ఈ ఇంటి దాకా రాలేదు. 1975 చట్టం సిగరెట్ పెట్టె మీద మాత్రమే హెచ్చరిక అడిగింది. 2003 చట్టం పొగాకు సరుకులన్నిటినీ కలుపుకుంది, 2009 నుంచి పెట్టెల మీద బొమ్మలూ వచ్చాయి. కానీ సంతలో ఆకు కొనుక్కుని ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె ఏది? బొమ్మ ఎక్కడ వేస్తారు?

ఇంటికి వెళ్లి చెప్పడం ఒక్కటే దారి. 1970ల చివర్లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ బృందం ఆ పని చేసింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లను ఏటేటా కలిసి, నోరు చూసి, మానమని నచ్చజెప్పారు. కొందరు మానేశారు, కొందరు తగ్గించారు. మానేసినవాళ్లలో చాలామందికి అంగిలి మీది తెల్లమచ్చలు వాటంతటవే తగ్గిపోయాయి.