రోడ్డు ప్రమాదం తరువాత: చెన్నైలోని తెలుగువారి అపోహలు, వాస్తవాలు

చెన్నైలో మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూసే న్యాయవాదిగా, నా దగ్గరకు వచ్చే తెలుగు కుటుంబాల నోట తరచుగా వినే మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: గాయపడినవారిని ఆసుపత్రికి తీసుకువెళితే మనమే కేసులో ఇరుక్కుంటాం.

వాస్తవం: 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134ఎ సెక్షన్ సాయం చేసినవారికి రక్షణ కల్పిస్తోంది. పేరు, చిరునామా చెప్పి తీరాలని వారిని ఎవరూ బలవంతపెట్టకూడదు. ఖర్చుకు భయపడి ఆగనవసరం లేదు: తమిళనాడు ప్రభుత్వం 2021 డిసెంబరులో ప్రారంభించిన ‘ఇన్నుయిర్ కాప్పోమ్’ పథకం కింద, ఆ రాష్ట్రంలో ప్రమాదానికి గురైనవారు ఏ రాష్ట్రంవారైనా, ఎంపిక చేసిన ఆసుపత్రులలో మొదటి 48 గంటల అత్యవసర చికిత్స నిర్ణీత పరిమితి వరకు ఉచితం.

అపోహ: వైద్యం అందితే చాలు, ఆసుపత్రివాళ్లు ఏం రాసుకుంటే మనకేం?

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు యాక్సిడెంట్ రిజిస్టరులో ప్రమాదం ఎలా జరిగిందో ఒక వాక్యం రాస్తారు. వెంట వచ్చినవారు భాష సరిగా రాక, కంగారులో ‘బండి మీద నుంచి పడ్డాడు’ అని మాత్రమే చెబితే, అదే రికార్డులోకి ఎక్కుతుంది. ఆ తరువాత కారు గుద్దిందని ఎంత చెప్పినా, బీమా కంపెనీ న్యాయవాది విచారణలో మొట్టమొదట ఆ వాక్యాన్నే చూపిస్తారు. కాబట్టి ఏ వాహనం, ఎక్కడ, ఎన్ని గంటలకు ఢీకొట్టిందో డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. కళ్లారా చూడకపోతే చూడలేదనే చెప్పండి, ఊహించి చెప్పవద్దు.

అపోహ: అక్కడికక్కడే కొంత డబ్బు పుచ్చుకుని రాజీపడటం మేలు.

వాస్తవం: తలకు, కడుపులో తగిలిన దెబ్బలు కొన్ని గంటల తరువాత గాని బయటపడకపోవచ్చు. ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. వీలైతే వాహనాలను కదిలించక ముందే నంబరు ప్లేట్లు కనిపించేలా ఫోటోలు తీయండి. అక్కడ పోలీసులు లేకపోతే, డ్రైవరు వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటలలోగా సమీప పోలీసు స్టేషనులో తెలియజేయాలని 134వ సెక్షన్ చెబుతోంది.

అపోహ: హెల్మెట్ పెట్టుకోకపోతే పరిహారం రాదు.

వాస్తవం: తగ్గవచ్చు గాని, ఆ ఒక్క కారణంతో హక్కు పోదు.

అపోహ: ప్రమాదం చెన్నైలో జరిగింది కాబట్టి కేసు కోసం ఇక్కడికే తిరగాలి.

వాస్తవం: బాధితులు తాము నివసించే ప్రాంతంలోని ట్రిబ్యునల్‌లోనూ (ప్రమాద పరిహారం కేసులు విచారించే న్యాయస్థానం) దావా వేయవచ్చు, అంటే నెల్లూరు కుటుంబం నెల్లూరులోనే వేసుకోవచ్చు. అయితే 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలలలోగా దావా వేయాలి. అందుకే ఎఫ్‌ఐఆర్, యాక్సిడెంట్ రిజిస్టరు నకలు, డిశ్చార్జి సమ్మరీ, ఒరిజినల్ బిల్లులను చెన్నై వదిలి వెళ్లేలోపే సేకరించుకోండి.