యురేనియం పెంటాక్లోరైడ్: నిలవని సమ్మేళనానికి దొరికిన ఉపయోగం

1841లో పారిస్‌లో యూజెన్ పెలిగో యురేనియం టెట్రాక్లోరైడ్‌ను పొటాషియంతో క్షయకరించి అసలు లోహాన్ని వేరుచేయడంతో, 1789లో యురేనియాన్ని కనుగొన్న క్లాప్రోత్ లోహమని భావించినది ఆక్సైడేనని తేలింది. ఆ టెట్రాక్లోరైడ్ కంటే ఒక క్లోరిన్ ఎక్కువున్న పెంటాక్లోరైడ్‌ను 1874లో మాంచెస్టర్‌లో హెన్రీ రోస్కో గుర్తించాడు. బొగ్గు కలిపిన యురేనియం ఆక్సైడ్‌ను వేడిచేసి దాని మీదుగా క్లోరిన్ పంపినప్పుడు ఏర్పడిన సూదుల్లాంటి ముదురు స్ఫటికాలు, తమపై పడి తిరిగివచ్చే వెలుతురులో ఆకుపచ్చగా మెరుస్తూ, తమ గుండా ప్రసరించే వెలుతురులో కెంపు రంగులో కనిపించాయి. తేమగాలి తగిలితే చాలు, అవి పాడైపోయేవి.

అంతకు కొన్నేళ్ల ముందే మెండలీవ్ యురేనియం పరమాణు భారాన్ని 120 నుంచి 240కి సవరించాడు. పాత విలువే సరైనదైతే రోస్కో పదార్థంలో ఒక్కో యురేనియానికి రెండున్నర క్లోరిన్‌లు రావాలి. ఒక వాదాన్ని తేల్చడానికి ఇదొక్కటే చాలదు గాని, మొగ్గు మాత్రం మెండలీవ్ వైపే.

ఐదో ఆక్సీకరణ స్థితిలో, అంటే పెంటాక్లోరైడ్‌లోలా ఐదు ఎలక్ట్రాన్‌లను ఇచ్చినట్టు లెక్కించే స్థితిలో, యురేనియం నిలకడగా ఉండదు. నీటిలో కొంత భాగం నాలుగో స్థితికి దిగితే, మిగిలినది ఆరో స్థితికి ఎక్కి, రెండు ఆక్సిజన్‌లతో కూడిన యురేనైల్ అయాన్‌గా స్థిరపడుతుంది. పొడి పెంటాక్లోరైడ్‌ను వేడిచేసినా అంతే: క్లోరిన్‌ను వదిలి టెట్రాక్లోరైడ్‌గా మారుతుంది, లేదా శూన్యంలోనైతే టెట్రాక్లోరైడ్‌గా, సులభంగా ఆవిరయ్యే హెక్సాక్లోరైడ్‌గా విడిపోతుంది. హాలోజన్ పరమాణువు పెద్దదయ్యేకొద్దీ పరిస్థితి మరింత క్లిష్టమవుతుంది; పెంటాబ్రోమైడ్ ఇంకా బలహీనం, అయొడైడ్లలోనైతే టెట్రాఅయొడైడ్ సైతం అయొడిన్‌ను కోల్పోయి ట్రైఅయొడైడ్‌గా మిగులుతుంది.

రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఈ లోపమే పనికొచ్చింది. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో, వై-12 కర్మాగారపు కాల్యుట్రాన్లనే యంత్రాల్లో, అణుబాంబుకు కావలసిన తేలికపాటి ఐసోటోప్ (ఒకే మూలకంలో భారం వేరైన పరమాణు రకం) యురేనియం-235ను అయస్కాంత క్షేత్రంతో వేరుచేయడానికి టెట్రాక్లోరైడ్ ఆవిరి కావలసివచ్చింది. యురేనియం ట్రయాక్సైడ్‌ను కార్బన్ టెట్రాక్లోరైడ్‌తో పీడనం కింద వేడిచేస్తే పెంటాక్లోరైడ్ వస్తుంది. దాన్ని మరికొంత వేడిచేస్తే అదనపు క్లోరిన్ తనంతట తానే వెళ్లిపోయి, కోరుకున్న టెట్రాక్లోరైడ్ మిగులుతుంది. అది కూడా తేమను పీల్చుకునేదే కనుక, పొడిగాలి నింపిన పెట్టెల్లోనే దాన్ని ముట్టుకోవాల్సి వచ్చేది.

యుద్ధం ముగిశాక, యురేనియం హెక్సాఫ్లోరైడ్ వాయువును సన్నని రంధ్రాల పొరల గుండా పంపి తేలిక అణువులను వేరుచేసే వాయు వ్యాపన పద్ధతిదే పైచేయి అయింది. ఫ్లోరిన్‌కు ప్రకృతిలో ఒకే ఐసోటోప్ ఉంది కాబట్టి, హెక్సాఫ్లోరైడ్ అణువుల భారంలో తేడా యురేనియం వల్లనే వస్తుంది. రెండు ఐసోటోపులున్న క్లోరిన్‌కు ఆ సౌలభ్యం లేదు. పెంటాక్లోరైడ్ మళ్లీ పరిశోధనశాలలకు పరిమితమైంది. రెండు యురేనియం పరమాణువులు రెండు క్లోరిన్‌లను పంచుకుంటూ, ఒక్కొక్కటి ఆరేసి క్లోరిన్‌ల నడుమ జంటగా అమరి ఉంటాయని 1967లో ఎక్స్-కిరణాలు చూపాయి.