అటక మీద దొరికిన లక్కబొమ్మ

విశాఖపట్నం

ప్రియమైన పిల్లలూ,

సంక్రాంతికి బొమ్మల కొలువు పెడదామని మామ్మ అనగానే అటకెక్కి ట్రంకుపెట్టె దించుతారు కదా. అందులో పాత చీర ముక్కల అడుగున ఒక బొమ్మ దొరుకుతుంది. ముక్కు అరిగిపోయి ఉంటుంది, ఒక చెయ్యి ఊడి ఉంటుంది, రంగు ఎక్కడికక్కడ లేచిపోయి ఉంటుంది. దాన్ని చూసి ఒకరు పారేద్దామంటారు. ఇంకొకరు శుభ్రంగా కడిగి, రంగేసి కొత్తదాన్ని చేద్దామంటారు. బొమ్మకు ఈ రెండోవారితోనే ఎక్కువ ప్రమాదం. పారేసిన బొమ్మను ఎవరైనా ఏరుకోవచ్చు. సబ్బు పెట్టి తోమేసిన లక్క మాత్రం మళ్ళీ రాదు.

అందుకని ముందే నాకొక మాట ఇవ్వండి. మొదటిరోజు బొమ్మను తుడవకూడదు. చూడాలి, అంతే.

మొదట చూడాల్సింది అది దేనితో చేసిందీ అని. మన వైపు ఇళ్ళలో తరచుగా కనిపించేది ఏటికొప్పాక లక్కబొమ్మ. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున, విశాఖకు 65 కిలోమీటర్ల దూరంలో ఉంది. 2022 దాకా మన జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. అక్కడ అంకుడు కర్రను తరిమెన మీద, అంటే లేత్ మీద, తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. పైన మొగలి రేకుతో రుద్దితే మెరుపు తేలుతుంది. ఈ బొమ్మలకు 2017లో జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక సరుకన్న అధికారిక గుర్తింపు కూడా వచ్చింది.

తరిమెన మీద పుట్టిన బొమ్మను గుర్తుపట్టడం తేలిక. ఒళ్ళంతా గుండ్రంగా ఉంటుంది. రంగు పట్టీల అంచులు దారం పట్టి గీసినంత తిన్నగా ఉంటాయి. బొమ్మను వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే నడుము చుట్టూ సన్నటి వలయాలు కనిపిస్తాయి. కొండపల్లి బొమ్మ అలా కాదు. దాన్ని పొణికి కర్రతో చెక్కుతారు. చేతులూ కాళ్ళూ విడిగా చేసి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. రంగు కుంచెతో వేస్తారు. చేత్తో పట్టుకుంటే ఆశ్చర్యపోయేంత తేలిగ్గా ఉంటుంది. మట్టి బొమ్మ బరువుగా, చల్లగా తగులుతుంది. ఎప్పుడైనా పల్చటి పెంకులాంటి, బోలుగా ఉన్న విదేశీ బొమ్మ దొరికి, కాస్త కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్. అది అగ్గిపుల్లకు భగ్గుమని అంటుకునే సరుకు. కొలువులో దీపం దగ్గర పెట్టకండి, గాలాడని డబ్బాలోనూ పెట్టకండి. దాని వీపు మీద 'మేడ్ ఇన్ ఆక్యుపైడ్ జపాన్' అని అచ్చు ఉంటే, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక జపాన్ పరాయి సేనల అధీనంలో ఉన్న కాలం నాటిదన్నమాట. ఆ కాలం 1952తో ముగిసింది.

ఇకమీదట చెప్పేదంతా ఎక్కువగా లక్కబొమ్మ గురించే.

బొమ్మను తెల్ల కాగితం మీద నిలబెట్టి కిటికీ పక్కన, ఎండ తగలని చోట ఉంచండి. పక్కన స్కేలు పెట్టి ఫోన్‌తో ఆరు ఫోటోలు తియ్యండి: నాలుగు వైపులా, పైనుంచి, అడుగు నుంచి. తరవాత గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చిని బొమ్మకు పక్కగా, ఒంటికి ఆనించినంత వాలుగా పట్టండి. ఎదురుగా వేసిన లైటులో కనిపించనివన్నీ అప్పుడు బయటపడతాయి. ఎక్కడ లక్క పొర లేచి అంచు పైకి వంగిందో, ఎక్కడ కర్ర నెర్రె విచ్చిందో తెలుస్తుంది. ఆ చోట్లకు చెయ్యి తగలకుండా చూసుకోవాలి కాబట్టి కాగితం మీద బొమ్మ గీసుకుని పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకోండి.

ఇప్పుడు అరుగుదల చదవండి. లక్క ఊడినచోట కర్ర గోధుమరంగుకు తిరిగి, వేలికి నున్నగా తగిలితే ఆ దెబ్బ చాలా పాతది. తెల్లగా, గరుగ్గా ఉంటే ఈమధ్య తగిలిందే. ఆ తెల్ల ముక్క ట్రంకుపెట్టె అడుగునే ఉండొచ్చు, పెట్టె దులిపేముందు వెతకండి. నడుము దగ్గర మాత్రమే రంగు పోయిందంటే అది చిన్న గుప్పిటకు అందినచోటు. ఎవరో దాన్ని అక్కడే పట్టుకుని ఊరంతా తిప్పారన్నమాట. తల మీద జంటగా చిన్న నొక్కులుంటే పళ్ళొస్తున్న పాపాయి పని. ఇక చెయ్యి పైకి తిరిగే బొమ్మయితే మెల్లగా ఎత్తి చంక కింద చూడండి. రొమ్ము మీద పాలిపోయిన పసుపురంగు, చంక కింద మాత్రం నిన్న వేసినట్టు నిగనిగలాడుతూ కనిపించవచ్చు. పసుపు కొమ్ముల నుంచి తీసిన రంగు వెలుతురుకు ఓర్చుకోలేదు. నీలిమందు కాస్త మొండిది, దానికన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. బొమ్మ పుట్టినప్పుడు ఎలా ఉండేదో చూపించేది ఆ చంక కింది జానెడు కూడా లేని చోటే. దాన్ని ఎప్పుడూ తుడవకండి.

అడుగున, కీళ్ళ దగ్గర గుండుసూది తలంత చిన్న కన్నాలుంటే పురుగు తొలిచినవి. పురుగు ఇంకా లోపల ఉందా, ఎప్పుడో వెళ్ళిపోయిందా అన్నదే ప్రశ్న. బొమ్మను మిగతా చెక్క సామానుకు దూరంగా, అట్టపెట్టెలో తెల్ల కాగితం మీద నెలరోజులు ఉంచండి. ప్రతి ఆదివారం మెల్లగా తట్టి చూడండి. మొదటివారం రాలిన పొడి పాతది కావచ్చు, దాన్ని తీసేయండి. తరవాత కూడా గోధుమపిండిలాంటి కొత్త పొడి పడుతుంటే పురుగు బతికే ఉంది. అప్పుడు కిరోసిన్ పొయ్యమనీ, పురుగుమందు కొట్టమనీ సలహాలొస్తాయి. రెండూ వద్దు. మందులోని ద్రావకం లక్కను, రంగును పాడుచేస్తుంది. డీప్ ఫ్రిజ్‌లో పెడితే పురుగు చస్తుంది కానీ, కర్ర ఒకలా, లక్క ఒకలా ముడుచుకుని పూత పగలొచ్చు. దీనికి ఊపిరాడకుండా చెయ్యడమే మంచి దారి. లోపల అల్యూమినియం పొర ఉన్న మందపాటి కవరు తీసుకుని, అందులో బొమ్మతోపాటు ఆక్సిజన్ పీల్చే పొట్లాలు వేసి, పెద్దవాళ్ళ చేత అంచు వేడితో అతికించి, నాలుగు వారాలు కదపకుండా ఉంచాలి. లీటరు గాలిలో సుమారు 210 సీసీల (అంటే మిల్లీలీటర్ల) ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి, లోపల లీటరు గాలి పట్టే కవరుకు 300 సీసీల పొట్లం ఒకటి చాలు. భద్రంగా రెండు వెయ్యండి. మామూలు పాలిథిన్ సంచి దీనికి పనికిరాదు, గాలి దానిగుండా మెల్లగా లోపలికి వస్తూనే ఉంటుంది. ఆ పొట్లాలు నోట్లో పెట్టుకునేవి కావని తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ చెప్పండి.

శుభ్రం చెయ్యడానికి ముందు లక్క స్వభావం తెలియాలి. మోదుగ, రేగులాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగులు ఒంటినుంచి వదిలే జిగురే లక్క. నీళ్ళలో అది కరగదు, కానీ స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో, చక్కగా కరుగుతుంది. తలుపులకు పాలిష్ పెట్టేవాళ్ళు లక్క రేకులను స్పిరిట్‌లో నానబెట్టి కరిగించేది అందుకే. ఇప్పుడు ఆలోచించండి, చేతికి రాసుకునే శానిటైజర్లో ఎక్కువ భాగం ఏమిటి? ఆ స్పిరిట్టే. ఒక్కసారి తుడిస్తే చాలు, మెరుపు గుడ్డకు అంటుకుని వచ్చేస్తుంది. కొన్నిరకాల తడి టిష్యూల్లోనూ అదే ఉంటుంది. లక్కకు రెండో శత్రువు క్షారం: సబ్బు, బట్టల సోడా, వంట సోడా. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని మీకు తెలుసు. సోడా నీళ్ళు తగిలితే లక్క మెత్తబడుతుంది, అందులో కలిసిన పసుపురంగు కూడా ఆ పారాణి దారే పడుతుంది. మూడోది వేడి. లక్క కరిగేది 75 డిగ్రీల దగ్గరే అయినా మెత్తబడటం చాలా ముందే మొదలవుతుంది. మే నెలలో పై అంతస్తు స్లాబు కింది అటకలో, గుడ్డ బిగించి చుట్టిపెట్టిన బొమ్మ ఒంటి మీద ఆ గుడ్డ నేత గళ్ళు గళ్ళుగా అచ్చుపడిపోతుంది. అలాంటి అచ్చు కనిపిస్తే అది డిజైన్ కాదు, ఎండాకాలం వేసిన ముద్ర.

సరే, దుమ్ము దులుపుదాం. బొమ్మలు వేసుకునే మెత్తటి కుంచె, 8వ నంబరుది, కొత్తది తీసుకోండి. తలనుంచి కిందికి, ఒకేవైపు, బరువు పెట్టకుండా. లేచిన పొరలున్నచోట గుర్తుపెట్టుకున్నారు కదా, అక్కడికి కుంచె వెళ్ళకూడదు. సగం పని దీంతోనే అయిపోతుంది. చాలాసార్లు ఇక్కడే ఆపెయ్యడం మంచిది.

ఇంకా జిడ్డు నలుపు ఉంటే ఒక చిత్రమైన ఉపాయం ఉంది: ఉమ్మి. నవ్వకండి, మ్యూజియాల్లో పాత చిత్రాలు శుభ్రం చేసేవాళ్ళు నిజంగానే వాడతారు. మన లాలాజలంలో జిడ్డును, మరకను విడగొట్టే ఎంజైములుంటాయి. పైగా అది గోరువెచ్చగా ఉంటుంది, సబ్బంత ఘాటుగా ఉండదు. తినకముందు, నోరు పుక్కిలించాక, ఇయర్ బడ్ కొస కొంచెం తడిపి, అడుగున ఎవరికీ కనిపించని చోట ముందు ప్రయత్నించండి. రుద్దొద్దు, దొర్లించాలి. బడ్‌కు నలుపో గోధుమరంగో అంటితే అది మురికి. ఎరుపో పసుపో అంటితే అది బొమ్మ, వెంటనే ఆపెయ్యండి. ఏమీ కాకపోతే ఒకసారికి వేలిగోరంత చోటు చొప్పున చేసి, మంచినీళ్ళతో తడిపిన ఇంకో బడ్ దొర్లించి, పొడి దూదితో అద్దండి. ఒకసారి వాడిన కొస నోట్లో పెట్టకండి, ప్రతిసారీ కొత్తదే. కొండపల్లి బొమ్మకు, కాల్చని మట్టి బొమ్మకు మాత్రం ఏ తడీ వద్దు. కుంచెతో సరిపెట్టండి.

మెరుస్తుందని కొబ్బరినూనె రాస్తారు కొందరు. రెండురోజులు మెరుస్తుంది. తరవాత జిగటై, ఊళ్ళో దుమ్మంతా పట్టుకుని నల్లబడుతుంది. వార్నిష్ అంతకన్నా హాని, ఎందుకంటే దాన్ని తీద్దామంటే కింద లక్క కూడా ఊడుతుంది. ఏటికొప్పాకకే తీసుకెళ్ళి మళ్ళీ లక్క పట్టిద్దామని కూడా అనిపించవచ్చు. అప్పుడు పాత పూతంతా గీకేసి మొదలుపెట్టాలి. చేతికి వచ్చేది కొత్త బొమ్మే. తీసుకెళ్ళండి, కానీ చూపించడానికి. ఈ రకం ఎప్పుడు చేసేవారో, ఊడిన ముక్క ఏదో అక్కడి పనివాళ్ళు ఒక్క చూపుతో చెప్పగలరు.

చెయ్యి వదులై ఊడిపోతుంటే ఫెవిక్విక్ జోలికి వెళ్ళకండి. అది కర్రలోకి ఇంకి గట్టిపడుతుంది, మళ్ళీ ఊడదీయాలంటే కర్రే విరుగుతుంది. చేతి చివర సన్నటి చెక్క మేకు ఉంటుంది, ఎండకాలానికి అది కాస్త సన్నబడి వదులవుతుంది. దాని చుట్టూ తెల్ల నూలుదారం నాలుగైదు చుట్లు వరసగా చుట్టి కన్నంలో దూర్చండి. బిగువుగా కూచోవాలి, బలవంతం మాత్రం చెయ్యకూడదు. ఎక్కువైతే ఒక చుట్టు తీసెయ్యండి. ఎప్పుడు కావాలన్నా విప్పగలిగిన మరమ్మతే మంచి మరమ్మతు.

దాచడంలో మన ఊరికి ప్రత్యేకమైన ఇబ్బందులున్నాయి. బీచ్ రోడ్డు వైపు ఇళ్ళలో సముద్రపు గాలి ఉప్పును మోసుకొస్తుంది. ఆ ఉప్పు తేమను పీల్చి దుమ్మును అంటిస్తుంది. తూర్పు కిటికీ దగ్గర పెడితే పొద్దున్నే నేరుగా ఎండ. కాబట్టి గది లోపలి గోడకున్న బీరువాలో, మధ్య అరలో పెట్టండి. బాత్రూముకు ఆనుకున్న గోడ వద్దు. పాతబట్టల మల్మల్ గుడ్డను గంజి లేకుండా ఉతికి, ఆరబెట్టి, వదులుగా కప్పండి. న్యూస్‌పేపరు పులుపెక్కి బొమ్మను పసుపుపచ్చగా చేస్తుంది, ప్లాస్టిక్ సంచి వానాకాలంలో తేమను లోపలే పట్టి ఉంచుతుంది. చెప్పులపెట్టె అంత డబ్బాకు తేమను పీల్చే నారింజరంగు సిలికాజెల్ పొట్లం, 100 గ్రాములది, బొమ్మకు తగలకుండా పెట్టండి. రంగు మారినప్పుడు అమ్మనో నాన్ననో ఒవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచమంటే మళ్ళీ పనిచేస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వద్దు, ఆ ఆవిరి బొమ్మకన్నా ముందు మీకు మంచిది కాదు. వానాకాలంలో లక్క మీద పాలపొరలాంటి తెలుపు కనిపిస్తే భయపడకండి, తుడవకండి. గాలి పొడిబారాక చాలావరకు అదే తగ్గుతుంది. ఏసీ గదిలోంచి తీసి బాల్కనీలో పెట్టడం, మళ్ళీ ఏసీలోకి తేవడం మాత్రం చెయ్యొద్దు. కర్ర నెర్రెలు విచ్చేది ఆ హెచ్చుతగ్గులకే.

ఎవరైనా చూసి 'యాంటిక్కు, అమ్మేద్దాం' అంటారు. మన దేశంలో 1972 నాటి చట్టం ప్రకారం ఇలాంటి కళావస్తువు పురావస్తువు కావాలంటే కనీసం వందేళ్ళు నిండాలి. నిండితే దాన్ని విదేశాలకు పంపకూడదు. మామ్మ చిన్నప్పటి బొమ్మకు ఇంకా అన్నేళ్ళు వచ్చి ఉండవు. దాని విలువ తేల్చేది కొట్టువాడు కాదు, దాని గురించి ఇంట్లో తెలిసిన సంగతులు. అందుకే ఒక అట్టముక్క మీద పెన్సిల్‌తో రాసి, నూలుదారంతో డబ్బాకు కట్టండి: ఎత్తు ఎంత, వంటింటి కాటాలో బరువు ఎంత, ఎవరు కొన్నారు, ఏ తిరునాళ్ళలో, ఎవరెవరు ఆడుకున్నారు. మామ్మ ఏ మాటలతో చెబితే ఆ మాటలే రాయండి, మీరు దిద్దకండి. బొమ్మ మీద పేరు రాయడం, స్టిక్కరు అంటించడం చెయ్యకూడదు.

ఆడుకోవచ్చా అంటారేమో. ఆడుకోండి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక, రెండు చేతులతో పట్టుకుని. మూడేళ్ళలోపు పిల్లల నోటికి మాత్రం అందనివ్వకండి, పాత రంగుల్లో ఏముందో చెప్పలేం. కొలువులో పెట్టేటప్పుడు కింద నూలు గుడ్డ పరవండి. దీపానికీ అగరొత్తులకూ మూరెడు దూరం ఉంచండి. సీరియల్ బల్బులు ఒంటికి ఆనకూడదు. బొట్టు పెట్టాలని మామ్మ అంటే, నుదుట కాకుండా కిందున్న గుడ్డ మీద పెట్టమనండి. కుంకుమ మరక లక్క పగుళ్ళలోకి దిగితే ఇక రాదు. కనుమ మర్నాడు కొలువు తీసేటప్పుడు బొమ్మనే ముందు తియ్యండి. మెట్లు కదిలినప్పుడు అన్నిటికన్నా ముందు దొర్లిపోయేది గుండ్రటి బొమ్మే.

ఇట్లు,
మీ తాతయ్య