రాస్టర్ అంటే ఫొటో కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల గుంటలు, వరి పొలాలు, సరుగుడు తోటల మ్యాపులు చేయడం నా పని. దీనికి ఉపగ్రహ చిత్రాల వంటి గళ్ల డేటా వాడతాం, దాన్నే రాస్టర్ అంటారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలూ, మా దగ్గర మ్యాపులు చేయించుకునే వాళ్లూ రాస్టర్ గురించి కొన్ని విషయాల్లో పదే పదే పొరబడుతున్నారు. దానివల్ల ఎకరాల లెక్కలే తారుమారవుతున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: రాస్టర్ అంటే పైనుంచి తీసిన ఫొటో.

చూడటానికి అలాగే ఉంటుంది. లోపల ఉన్నది గళ్ల పట్టిక, గడికో అంకె. ఆ అంకె కాంతి కావచ్చు, నేల ఎత్తు కావచ్చు, వాన మిల్లీమీటర్లు కావచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహం మన కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా కొలుస్తుంది. నీళ్లు ఆ కాంతిని దాదాపుగా మింగేస్తాయి, పచ్చని పైరు బాగా వెనక్కి పంపుతుంది. నాట్లప్పుడు నీళ్లు నిండిన వరి మడి, పక్కనే ఉన్న రొయ్యల గుంట ఒకేలా కనిపిస్తాయి. రెండు నెలల తర్వాతి చిత్రం తెచ్చి పోల్చండి. మడిలో పరారుణ అంకె పెరిగి ఉంటుంది, గుంటలో అలాగే ఉంటుంది. ఈ తేడా తెలిసేది అంకెల వల్లే.

అపోహ: జేపీజీగా సేవ్ చేసినా డేటా అదే కదా.

కాదు. ఒకసారి గుంటల విస్తీర్ణం తీయమని ఒక ఆఫీసు వాళ్లు నాకు వాట్సాప్‌లో జేపీజీ పంపారు. అందులో మూడు రంగులే ఉన్నాయి, పరారుణ బ్యాండ్ (ఆ కాంతిని కొలిచిన అంకెల పొర) లేదు. 4,096 మెట్లలో కొలిచిన అంకెలు 256 మెట్లకు కుదించుకుపోయాయి. పైగా జేపీజీ సైజు తగ్గించడానికి పక్కపక్క గళ్ల అంకెలను సర్దేస్తుంది కాబట్టి కట్టల అంచులు మసకబారాయి. అది ఏ చోటిదో చెప్పే కోఆర్డినేట్లు కూడా లేవు. రెండు రోజులు టెన్షన్ పడి, చివరికి అసలు చిత్రం డౌన్‌లోడ్ చేసుకుని పని మొదటి నుంచి చేశాను.

లెక్కలు తీయాల్సిన డేటా, అంకెలతో పాటు చోటు వివరాన్నీ దాచే ఫైల్ రకమైన జియోటిఫ్‌లోనే ఉంచండి. ఫైల్ పెద్దదైతే ఎల్‌జెడ్‌డబ్ల్యూ గానీ డిఫ్లేట్ గానీ కుదింపు పద్ధతిగా పెట్టండి, ఒక్క అంకె కూడా మారదు. రిపోర్టులో అతికించే బొమ్మకైతే జేపీజీ చాలు.

అపోహ: జూమ్ చేసే కొద్దీ వివరం పెరుగుతుంది.

సెంటినెల్-2 గడి ఒక్కో వైపు 10 మీటర్లు. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు కదా, ఒక్కో గడి దాదాపు 15 అంకణాలు. మీ ఇంటి స్థలం మొత్తానికి ఒకే అంకె! ఎకరం గుంటకు సుమారు 40 గళ్లు వస్తాయి. అదే 30 మీటర్ల గడి ఉన్న మరో ఉపగ్రహం ల్యాండ్‌శాట్‌లో నాలుగైదు గళ్లే. రెండు మీటర్ల కట్ట ఈ రెండింట్లోనూ విడిగా కనిపించదు, నీళ్లతో కలిసిపోతుంది.

అపోహ: గడిని చిన్నగా కోస్తే మ్యాపు మెరుగవుతుంది.

రీశాంపుల్ చేస్తే, అంటే గడి సైజు మార్చి అంకెలు మళ్లీ లెక్కేస్తే, గళ్లు పెరుగుతాయి, సమాచారం పెరగదు. ఇందులో ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక మ్యాపులో గుంటకు 1, సరుగుడుకు 2, వరికి 3 అని కోడ్ ఇచ్చారనుకోండి. బైలీనియర్ పద్ధతి పెడితే గుంటకీ వరికీ మధ్య సగటు లెక్కేసి 2 రాస్తుంది. అక్కడ లేని సరుగుడు తోట మ్యాపులో మొలుస్తుంది! కోడ్లు ఉన్న రాస్టర్‌కు ఎప్పుడూ నియరెస్ట్ నైబర్ పద్ధతే వాడండి, అది దగ్గరి గడి అంకెనే ఉన్నదున్నట్టు తీసుకుంటుంది.

అపోహ: ఎత్తుల డేటా ఉంటే ఏ ఊరు మునుగుతుందో చెప్పేయవచ్చు.

ఉచితంగా దొరికే ఎస్‌ఆర్‌టీఎం అనే డేటాలోని ఎత్తులు 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినవి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో ఆ తర్వాత తవ్విన లోతు వాటిలో ఉండదు. రాడార్ చెట్ల మీద కూడా తగిలి తిరిగి వస్తుంది కాబట్టి తోట ఉన్నచోట నేల ఎత్తుగా కనిపిస్తుంది. ఆ డేటాకు నిర్దేశించుకున్న నిలువు కచ్చితత్వమే 16 మీటర్లు, అంటే ఎత్తు అంత మేరకు అటూ ఇటూ కావచ్చు. నిజంలో అంతకంటే మెరుగ్గానే వచ్చినా, మీటరు తేడాతో మునిగే కొత్తపట్నం లాంటి తీర గ్రామాలకు అది చాలదు. అలాంటి మ్యాపు చూసి ఎవరినైనా ఇల్లు ఖాళీ చేయమనే ముందు, ఆ ఎత్తులు ఎక్కడివో, ఏ ఏడాదివో అడగండి.