కీబోర్డు ఊడొచ్చే ల్యాప్‌టాప్: మా రాయగడ దుకాణంలో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

రాయగడలో నాది కంప్యూటర్ల అమ్మకం, మరమ్మతు దుకాణం. 18 ఏళ్ళుగా ఇదే పని. బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు. లోపల బేరాలు మాత్రం చాలావరకు తెలుగులోనే. గుణుపురం ఇంజనీరింగ్ పిల్లలు, జయపురం వ్యాపారులు, ఇక్కడి కాంట్రాక్టర్లు ఈమధ్య అందరూ ఒకటే అడుగుతున్నారు: "ఆ టూ ఇన్ వన్ తీసుకోమంటావా, వద్దంటావా?" కీబోర్డు తీస్తే ట్యాబ్లెట్ పలక, తగిలిస్తే ల్యాప్‌టాప్ అన్నమాట. లక్ష దాటే వస్తువు. అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేక ఇది రాస్తున్నాను.

అపోహ: ట్యాబ్లెట్, ల్యాప్‌టాప్ రెండూ ఒకదాంట్లోనే వస్తాయి. డబ్బు కలిసొస్తుంది.

వాస్తవం: ప్రకటనలో కనిపించే ధర పలక ఒక్కదానిదే. 2024 మేలో యాపిల్ వాళ్ళ ఎం4 చిప్పు ఐప్యాడ్ ప్రో వచ్చినప్పుడు 11 అంగుళాల దాని ధర మన దేశంలో 99,900 రూపాయలతో మొదలైంది. దాని మ్యాజిక్ కీబోర్డు 29,900. రాసే పెన్ను, పెన్సిల్ ప్రో 11,900. మొత్తం 1,41,700. మరుసటి ఏడాది మార్చిలో 13 అంగుళాల ఎం4 మ్యాక్‌బుక్ ఎయిర్ ల్యాప్‌టాప్ 99,900కే వచ్చింది, కీబోర్డుతో సహా. తేడా 41,800. ఆ డబ్బుకి మంచి మామూలు ట్యాబ్లెట్ విడిగా వస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ సర్ఫేస్ ప్రోదీ ఇదే కథ: ఫోటోలో కీబోర్డు అందంగా అతుక్కుని ఉంటుంది, మామూలుగా డబ్బాలో మాత్రం ఉండదు.

అలాగని డబ్బు దండగ అనను. బరంపురం మెడికల్ కాలేజీలో చదివే మా వీధి అమ్మాయి రోజుకి నాలుగు గంటలు పీడీఎఫ్‌ల మీద పెన్నుతో గీస్తుంది, బొమ్మలు వేస్తుంది, పక్కన నోట్సు రాస్తుంది. సర్ఫేస్ ప్రో తెర పొడవు వెడల్పులు 3:2. ఏ4 కాగితం నిష్పత్తి సుమారు 1.41:1. మామూలు ల్యాప్‌టాప్‌లో ఉండే 16:9 తెర కన్నా దీన్ని నిలువుగా పట్టుకుంటే పుస్తకం పేజీ దాదాపు నిండుగా కూర్చుంటుంది. ఆ పిల్లకి నేనే కొనిపించాను. పెన్ను నెలకోసారి మాత్రమే బయటికి తీసేవాళ్ళకి మాత్రం కొనొద్దనే చెప్తాను, నా అమ్మకం పోయినా.

అపోహ: విండోస్ ఉంటే చాలు, అన్నీ ఎక్కుతాయి.

వాస్తవం: దీనికి కొంచెం ఓపిగ్గా వినాలి. మా వైపు జనం ఎక్కువగా దెబ్బ తింటున్నది ఇక్కడే.

2024 జూన్‌లో వచ్చిన సర్ఫేస్ ప్రోలో ఇంటెల్ బదులు క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ ఎక్స్ ప్రాసెసర్ ఉంది. ఇది ఫోన్లలో ఉండే ఆర్మ్ జాతిది. బ్యాటరీ బాగా నిలుస్తుంది, వేడి తక్కువ. ఇంటెల్ కోసం రాసిన ప్రోగ్రాములను విండోస్ అప్పటికప్పుడు ఆర్మ్ భాషలోకి మార్చి నడిపిస్తుంది, దాన్ని ప్రిజమ్ అంటారు. వర్డ్, ఎక్సెల్, క్రోమ్ వంటి వాటికి ఆ మార్పిడి కూడా అక్కర్లేదు, ఆర్మ్ కోసమే తయారైనవి ఉన్నాయి. చిక్కంతా డ్రైవర్లతో, అంటే బయట గుచ్చే పరికరాన్ని విండోస్‌కి పరిచయం చేసే చిన్న ప్రోగ్రాములతో. డ్రైవర్లను ప్రిజమ్ మార్చలేదు. పరికరం తయారుచేసినవాళ్ళు ఆర్మ్ డ్రైవర్ విడిగా ఇస్తే పని చేస్తుంది, ఇవ్వకపోతే లేదు, అంతే.

ఇప్పుడు మన ఊళ్ళో ఎవరు ఏం గుచ్చుతారో చూడండి. టెండర్లు వేసే కాంట్రాక్టరు పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్ గుచ్చుతాడు. సేవా కేంద్రం నడిపేవాడు వేలిముద్ర యంత్రం గుచ్చుతాడు. శుభలేఖలు వేసే డీటీపీ కుర్రాడికి ఒకే కార్డులో తెలుగుకి అను, ఒడియాకి ఆకృతి ఫాంట్లు కావాలి, పైగా పాత సాఫ్ట్‌వేర్‌కి తాళంచెవి లాంటి డాంగుల్ ఒకటి పక్కన వేలాడుతుంటుంది. పదేళ్ళ నాటి ప్రింటర్ సరేసరి. వీళ్ళెవరూ ప్రాసెసర్ పేరు అడగరు. రంగు అడుగుతారు.

ఒక కాంట్రాక్టరన్నయ్య పెద్ద నగరంలోని షోరూములో ఇలాంటిదే కొని తెచ్చుకున్నాడు. టెండర్ ఆఖరి రోజు, మధ్యాహ్నం రెండున్నర. "తమ్ముడూ, ఇది టోకెన్‌ని గుర్తుపట్టట్లేదు, ఏటి చేయాలి!" అని పరుగెత్తుకొచ్చాడు. నా బల్ల కింద ఉన్న పాత ఇంటెల్ ల్యాప్‌టాప్ దుమ్ము దులిపి, దాంట్లోంచి వేయించాను. అమ్మినవాడు ఆయన పనేమిటని ఒక్క మాట అడిగి ఉంటే ఆ పరుగు తప్పేది. ఇంటెల్ ప్రాసెసర్‌తో కూడా సర్ఫేస్ ప్రో ఉంది, వ్యాపార సంస్థల కోసమని 2025లో వచ్చింది. గుచ్చేవి ఎక్కువున్నవాళ్ళు అలాంటిది అడిగి తీసుకోవాలి.

ఐప్యాడ్ సంగతి ఇంకా సూటిగా ఉంటుంది. చిప్పు మ్యాక్‌లో ఉన్నదే కావచ్చు, నడిచేది ఐప్యాడ్ ఓఎస్. 2025 సెప్టెంబరులో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26తో కిటికీలు లాగి పక్కపక్కన పెట్టుకోవడం బాగా కుదిరింది, నిజమే. అయినా లెక్కలు రాసే ట్యాలీ విండోస్ ప్రోగ్రాము, దాన్ని నేరుగా ఐప్యాడ్‌లో వేసుకోలేరు.

అపోహ: సరిహద్దు దాటి ఆంధ్రాలో కొంటే పన్ను తక్కువ.

వాస్తవం: రాష్ట్రానికో రేటు ఉన్న వ్యాట్ పన్ను రోజుల నాటి మాట ఇది. 2017 జూలై 1 నుంచి విజయనగరంలోనైనా రాయగడలోనైనా ల్యాప్‌టాప్, ట్యాబ్లెట్ల మీద జీఎస్టీ 18 శాతమే.

అపోహ: ఎక్కడైనా కూర్చుని పని చేసుకోవచ్చు.

వాస్తవం: బల్ల ఉంటే చేసుకోవచ్చు. సర్ఫేస్ ప్రో లాంటి కీబోర్డు ఊడొచ్చే రకానికి వెనక, నిలబెట్టడానికి మడత కాలు ఒకటి ఉంటుంది. ఒళ్ళో పెట్టుకుంటే ఆ కాలు మోకాలి చివరిదాకా వస్తుంది. విశాఖ వెళ్ళే రైల్లో నేనే ప్రయత్నించాను. బండి వంపు తిరగ్గానే పలక వెనక్కి వాలింది, ఎదుటి సీటు ముసలాయన పట్టుకోబట్టి బతికింది. ఒళ్ళో పని ఎక్కువగా ఉంటే 360 డిగ్రీలు మడత పడే రకం మేలు. కీబోర్డు ఊడి రాదు కాబట్టి చేత్తో పట్టుకుంటే బరువే, కానీ ఒళ్ళో నిలుస్తుంది.

అపోహ: ఏ పెన్నైనా పని చేస్తుంది.

వాస్తవం: చెయ్యదు. యాపిల్ పెన్సిల్ విండోస్ మీద రాయదు, సర్ఫేస్ పెన్ను ఐప్యాడ్ మీద రాయదు.

అపోహ: ఖరీదైనది కదా, పాడవదు. పాడైనా ఊళ్ళో బాగుచేయించుకోవచ్చు.

వాస్తవం: పాడవడం, పాడవకపోవడం ధర మీద లేదు. పలకలో బ్యాటరీ తెర వెనకే పరుచుకుని ఉంటుంది. లిథియం బ్యాటరీకి ఎండ వేడి, నూరు శాతం ఛార్జి రెండూ కలిసి పడవు. మే నెలలో రోజంతా ఛార్జర్‌కి తగిలించి కౌంటరు మీద వదిలేసినవి ఉబ్బి, తెర ఒక మూల లేచి నా దగ్గరకొచ్చాయి. అలా లేచినదాన్ని నొక్కి అతికించొద్దు, ఆపేసి తీసుకురండి. సర్ఫేస్‌లో 80 శాతం దగ్గర ఛార్జి ఆపే ఏర్పాటు ఉంది, ఎప్పుడూ తగిలించే వాడేవాళ్ళు అది పెట్టుకోండి.

విప్పడం విషయంలో కాలం మారింది, ఇది నాకు సంతోషం. మరమ్మతు ఎంత సులువో మార్కులు వేసే ఐఫిక్సిట్, 2017 సర్ఫేస్ ప్రోకి పదికి 1 ఇచ్చింది. 2024 దానికి 8 ఇచ్చింది. స్టోరేజి కార్డు వెనక చిన్న తలుపు తీసి మార్చేయొచ్చు. ర్యామ్ మాత్రం బోర్డుకి అతికించే వస్తుంది. "తరవాత వేయించుకుంటాలే" అనే మాట దీనికి కుదరదు, కొన్నప్పుడే సరిపడా తీసుకోవాలి. పైగా విప్పడం నాకు వచ్చినా విడిభాగాలు రాయగడలో దొరకవు. వారంటీలో ఉంటే విశాఖకో భువనేశ్వర్‌కో పంపాలి. విశాఖే సుమారు 200 కిలోమీటర్లు. ఇది తిరిగొచ్చేదాకా మీ పని దేనిమీద సాగుతుందో ముందే చూసుకోండి.

అపోహ: సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది, కళ్ళు మూసుకుని కొనేయొచ్చు.

వాస్తవం: చవగ్గా ఎందుకొస్తోందో కళ్ళు తెరిచి చూడండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో కనీసం ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉండాలి. 2017 సర్ఫేస్ ప్రోలో ఉన్నది ఏడో తరం. 2018లో వచ్చిన సర్ఫేస్ ప్రో 6 నుంచి పరవాలేదు. బయట నుంచి చూస్తే రెండూ కవలపిల్లల్లా ఉంటాయి.

కొనాలనుకుంటే ఎక్కడ కొన్నా సరే, ముందు మీ టోకెన్, డాంగుల్, ప్రింటర్ తీగ, వేలిముద్ర యంత్రం అన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. షోరూములో నమూనాకి పెట్టినదానికి గుచ్చి చూపించమనండి. ఒప్పుకోకపోతే కనీసం ఆర్మ్ డ్రైవర్ ఉందో లేదో పరికరం తయారీదారు సైటులో చూపించమనండి. అమ్మేవాడు చిరాకు పడితే పడనీ.

ఆ కాంట్రాక్టరన్నయ్య పలక ఇప్పుడు వాళ్ళ అమ్మాయి బొమ్మలు వేసుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తోంది. ఆయన మాత్రం టెండర్ ఉన్నప్పుడల్లా టోకెన్ జేబులో వేసుకుని నా పాత ల్యాప్‌టాప్ దగ్గరికే వస్తున్నాడు. నిన్నా వచ్చాడు.